కుర్చీలో కూర్చోబెట్టి గుర్తు పెట్టండి

హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద చౌటుప్పల్ దగ్గర ఆగి చూస్తే, ఈ ప్రాంతంలో మనుషుల నడుములు ఎందుకు పడిపోతాయో చాలావరకు అర్థమవుతుంది. రోడ్డుకు దూరంగా తాటివనాలు ఉన్నాయి. చెట్టెక్కడానికి కట్టుకునే మోకు తెగినా ముత్తాదు జారినా గీత కార్మికుడు ముప్పై నలభై అడుగుల ఎత్తు నుంచి నేల మీద పడతాడు, వెన్నుపూస విరుగుతుంది. ఈ ప్రమాదాలు ఆపడానికే 2024 జులైలో, ఇదే రహదారి మీది అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో రాష్ట్ర ప్రభుత్వం ‘కాటమయ్య రక్షణ కవచం’ పేరుతో సేఫ్టీ కిట్ల పంపిణీ మొదలుపెట్టింది. రెండో కారణం ఆ రహదారే. లారీలు, బస్సుల మధ్య బైకు మీద పోయే కుర్రవాళ్లకు ఒక్క దెబ్బతో నడుము కింద చచ్చుబడుతుంది. మూడోది నేలలో ఉంది. నల్లగొండ గ్రానైటు రాళ్ల పొరల్లోని నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఏళ్ల తరబడి ఆ నీళ్లు తాగినవారిలో కొందరికి ఎముకలు మందమై, వెన్నుపూసల లోపలి దారి ఇరుకై, వెన్నుపాము నలిగి కాళ్లు పడిపోయాయి. చౌటుప్పల్ ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది గాని, 2016 దాకా నల్లగొండదే. ఆ జిల్లా బాధ కూడా దీనిదే.

చెట్టు, రోడ్డు, నీళ్లు, ఈ మూడింటిలో దేని వల్ల వెన్నుపాము దెబ్బతిన్నా ఊరి కంటికి కనబడేది కాళ్లే. పరామర్శకు వచ్చినవాళ్లు కాళ్ల గురించే అడుగుతారు, వైకల్యం నిర్ధారించే క్యాంపులో కాళ్లకే శాతం వేస్తారు, దాతలు చక్రాల కుర్చీ ఇచ్చి ఫొటో దిగుతారు. మూత్రాశయం సంగతి మాత్రం ఇంటి నాలుగు గోడల మధ్య ఉండిపోతుంది. నిజానికి మనిషి ఎన్నేళ్లు బతుకుతాడు, బయటికి వస్తాడా, పనికి పోతాడా అన్నది కాళ్లకన్నా ఎక్కువగా మూత్రం దారి మీద ఆధారపడి ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు వెన్నుపాము తెగినవారిలో ఎక్కువమంది కొద్ది నెలల్లోనో కొద్ది ఏళ్లలోనో చనిపోయేవారు. చంపింది పక్షవాతం కాదు, మూత్రంలో చీము, కిడ్నీల చేటు, పడకపుండ్లు. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్‌లో డాక్టర్ లుడ్విగ్ గుట్‌మన్ ఈ రోగుల వార్డు తెరిచినప్పుడు ఆయన మొదట పట్టించుకున్నవి ఒంటి చర్మం, మూత్రం. ఆ రెండూ అదుపులోకి వచ్చాకే 1948లో అదే ఆసుపత్రి పచ్చికలో కుర్చీల మీద కూర్చుని విల్లు ఎక్కుపెట్టిన పోటీలు జరిగాయి. నేటి పారాలింపిక్స్ అక్కడ పుట్టాయి.

వెన్నుపాము దెబ్బతిన్నాక మూత్రాశయానికి మెదడు నుంచి కబురు అందదు. కొందరిలో అది వదులై నిండిపోతూ ఉంటుంది. కొందరిలో తనంతట తాను ముడుచుకుంటుంది, అదే సమయంలో కింది కవాటం బిగుసుకుపోతుంది. అప్పుడు లోపల పెరిగిన ఒత్తిడి మూత్రాన్ని వెనక్కి, కిడ్నీల వైపు తోస్తుంది. దీనికి మొదటి మందు ఇప్పటికీ చవకైనదే. రోజుకు నాలుగైదుసార్లు సన్నని కేథటర్ గొట్టం పెట్టి ఖాళీ చేసి తీసేయడం. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ జాక్ లాపిడెస్ 1972లో ఈ పద్ధతిని వెలుగులోకి తెచ్చారు. చేతులు, పరికరం శుభ్రంగా ఉంటే చాలు, ఆపరేషన్ థియేటర్‌లో ఉండేంత స్థాయి శుద్ధి అక్కర్లేదని ఆయన చెప్పింది ఎందరి కిడ్నీలనో కాపాడింది. కానీ ఇది అందరికీ కుదరదు. మెడ దగ్గర దెబ్బ తగిలి వేళ్లు ఆడనివారు తమంతట తాము కేథటర్ పెట్టుకోలేరు. స్త్రీలైతే కుర్చీ దిగి, బట్టలు వదులు చేసుకుని, కాళ్లు విడదీసి పెట్టుకోవాలి. బస్టాండులో అది సాధ్యమా? దాంతో చాలామందికి మూత్రం పైపు శాశ్వతంగా ఉండిపోతుంది. పదేళ్లు పైపుతో గడిచాక మూత్రమార్గం చీలిపోవడం, మూత్రాశయం కుంచించుకుపోవడం, రాళ్లు, పైపు పక్కనుంచి కారి పిరుదుల పుండ్లు ఎన్నటికీ మానకపోవడం చూస్తాం. అక్కడికి వచ్చాక డాక్టరు చెప్పే దారుల్లో యూరోస్టమీ ఒకటి.

యూరోస్టమీలో చిన్నపేగు చివరి భాగం నుంచి ఓ జానెడు ముక్కను దాని రక్తనాళాలతో సహా విడదీస్తారు. మిగతా పేగును మళ్లీ కలిపేస్తారు. కిడ్నీల నుంచి వచ్చే రెండు నాళాలను ఆ ముక్క ఒక కొసకు కుట్టి, రెండో కొసను సాధారణంగా పొట్ట కుడివైపు చర్మం మీదికి తెస్తారు. ఎర్రగా, తడిగా, పెదవి లోపలి రంగులో బయటికి కనిపించే ఆ చివరే స్టోమా. దాన్ని ముట్టుకుంటే నొప్పి ఉండదు. దానికి కవాటం ఉండదు కనుక మూత్రం చుక్కలు చుక్కలుగా ఎప్పుడూ వస్తూనే ఉంటుంది, అంటించిన సంచిలో చేరుతుంది. అమెరికన్ సర్జన్ యూజీన్ బ్రికర్ 1950లో ఈ పద్ధతిని ప్రచురించారు. డెబ్బై ఏళ్లు దాటినా ప్రపంచమంతా ప్రధానంగా ఇదే వాడుతోంది. పాడైన మూత్రాశయాన్ని తీసేస్తారు, లేదా లోపలే వదిలేస్తారు.

ఈ ఆపరేషన్ ఎక్కువగా చేసేది మూత్రాశయ క్యాన్సర్ వచ్చినవారికి. వాళ్లు నడిచే మనుషులు. అందుకే స్టోమా ఎక్కడ ఉండాలన్న లెక్క కూడా నిలబడి, నడిచే ఒంటి మీదే స్థిరపడింది. బొడ్డుకూ తుంటి ఎముకకూ మధ్య, బొడ్డు కిందుగా ఉన్న చోటు వాళ్లకు సరిపోతుంది. చక్రాల కుర్చీ మనిషి రోజులో పది పన్నెండు గంటలు కూర్చునే ఉంటాడు. నడుము కింద పట్టు లేక పొట్ట ముందుకు జారుతుంది, మడతలు పడతాయి. బల్ల మీద పడుకున్నప్పుడు చదునుగా కనిపించిన చోటు కుర్చీలోకి రాగానే మడతలో దాక్కుంటుంది. మడతలో అంటించిన సంచి నిలవదు. రోజూ ఊడుతుంది, ప్యాంటు తడుస్తుంది, కుర్చీ మెత్త తడుస్తుంది, చర్మం పాచిపోతుంది. ఆ మనిషి సంచిని తిట్టుకుని ఇంట్లో కూర్చుంటాడు. తప్పు సంచిది కాదు, గుర్తు పెట్టిన పెన్నుది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన మాట ఒక్కటే. యూరోస్టమీకి సంబంధించిన ప్రతి నిర్ణయమూ, పొట్ట మీది చుక్క నుంచి బస్టాండు మరుగుదొడ్డి దాకా, కుర్చీలో కూర్చున్న మనిషి కొలతతో జరగాలి. అలా జరిగినచోట సంచి మనిషిని బయటికి తీసుకొస్తుంది. జరగనిచోట అదే సంకెల అవుతుంది.

కూర్చున్న కొలత అంటే ఏమిటో వివరంగా చూద్దాం. ఆపరేషన్‌కు ముందు రోజో అంతకు ముందో రోగిని అతని సొంత కుర్చీలో, అతను రోజూ వేసుకునే బట్టల్లో, నడుముకు బెల్టో పట్టీయో ఉంటే దానితో సహా కూర్చోబెట్టాలి. ముందుకు వంగమనాలి, చక్రాలు తోయమనాలి, పక్కకు ఒరగమనాలి. ఈ కదలికల్లో మడత పడని, పక్కటెముకకూ తుంటికీ తగలని, పాత కుట్ల మచ్చలు లేని చోటు వెతకాలి. చాలామంది కుర్చీ మనుషులకు ఇది బొడ్డుకు సమానంగానో ఇంకాస్త పైనో వస్తుంది. ఆ చోటు అతని కంటికి కనబడాలి, బాగా పనిచేసే చేతికి అందాలి. లుంగీ ముడి, లంగా బొందు, ప్యాంటు బెల్టు దాని మీద పడకూడదు. ఫ్లోరైడ్ జబ్బు (ఫ్లోరోసిస్) ఉన్నవారి విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. మెడ, నడుము బిగుసుకుపోయి వాళ్లు తల వంచి తమ పొట్ట తాము చూసుకోలేరు. చోటు ఎంత పైకి వస్తే అంత మేలు, చేతి అద్దం తప్పనిసరి. చివరగా, గుర్తు పెట్టిన చోట ఒక సంచి అంటించి, సగం నీళ్లు పోసి, ఒక పూట కుర్చీలో తిరగనివ్వాలి. ఊడితే ఇంకోచోట చూడాలి. దీనికంతటికీ కావలసింది ఒక పెన్ను, ఒక సంచి, ఒక గంట సమయం. హైదరాబాద్ నిమ్స్‌లో అయినా, మన జిల్లాలోనే ఉన్న బీబీనగర్ ఎయిమ్స్‌లో అయినా, ప్రైవేటు ఆసుపత్రిలో అయినా రోగి తరఫువారు దీన్ని ముందే అడగవచ్చు. ‘మావాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి గుర్తు పెట్టండి సార్’ అనడంలో డాక్టరును తక్కువ చేయడం ఏమీ లేదు.

చోటు సరిగ్గా కుదిరాక రోజువారీ పని నేర్చుకుంటే వచ్చేదే. సంచి మార్చడానికి పొద్దున లేవగానే, టీ కూడా తాగకముందు మంచి సమయం, అప్పుడు చుక్కలు తక్కువ పడతాయి. చర్మాన్ని మామూలు నీళ్లతో కడిగి బాగా ఆరనివ్వాలి. మన ఇళ్లలో చర్మం ఎర్రబడితే కొబ్బరినూనె రాస్తారు, కొందరు డెటాల్ పోస్తారు. నూనె రాసిన చర్మానికి సంచి అంటదు, డెటాల్ చర్మాన్ని మండిస్తుంది. సంచికి కోసే రంధ్రం స్టోమాకన్నా రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే పెద్దదిగా ఉండాలి. పెద్దగా కోస్తే బయటపడిన చర్మాన్ని మూత్రం తింటుంది. ఆపరేషన్ తర్వాత ఆరు నుంచి ఎనిమిది వారాల దాకా స్టోమా కుంచించుకుంటుంది కాబట్టి ఆ కాలంలో మార్చినప్పుడల్లా కొలవాలి. మంచి సంచి మూడు నాలుగు రోజులు నిలుస్తుంది, మన ఎండాకాలపు చెమటకు ఇంకా ముందే మార్చాల్సి రావచ్చు. మూత్రంలో తెల్లని జిగురు తీగలు కనిపిస్తే భయపడనక్కరలేదు, అది పేగు ముక్క సహజంగా ఊరే జిగురు. మూడో వంతు, మహా అయితే సగం నిండగానే సంచి అడుగు కొళాయి తిప్పి ఖాళీ చేయాలి. నిండు సంచి బరువుకు అంటు లాగుకుపోతుంది. కుర్చీలోంచి మంచానికో ఆటోకో మారే ముందు తప్పకుండా ఖాళీ చేయాలి.

బయటికి పోయేటప్పుడు పొట్ట మీది సంచికి గొట్టం తగిలించి పిక్కకు కట్టుకునే లెగ్ బ్యాగ్ వాడితే గంటల తరబడి నిశ్చింత. రాత్రికి రెండు లీటర్ల సంచి మంచం కన్నా కిందికి వేలాడాలి. తగిలించే ముందు పొట్ట సంచిలో కొంచెం మూత్రం ఉంచితే గాలి పట్టి గొట్టం ఆగదు. నడిచే మనిషికి లేని ప్రమాదం ఇక్కడ ఒకటుంది. కుర్చీ మనిషికి నడుము కింద స్పర్శ తెలియదు. గొట్టం తొడ కింద నలిగినా, పిక్క పట్టీ బిగుసుకుని చర్మం కోసుకుపోయినా, సంచి కారి మెత్త తడిసినా అతనికి తెలియదు. తెలిసేసరికి పుండు పడుతుంది. కాబట్టి ఒంటికి తెలియని దాన్ని కంటితో చూడటం అలవాటు చేసుకోవాలి. కుర్చీలో కూర్చున్న ప్రతిసారీ గొట్టాన్ని తొడ మీదుగా సర్దాలి, లెగ్ బ్యాగ్‌ను రోజుకో కాలికి మార్చాలి, పట్టీ కింద రెండు వేళ్లు దూరేంత సందు ఉంచాలి. చేతుల మీద బరువు మోపి ఒంటిని లేపుకునేటప్పుడు ఊపిరి బిగబట్టకూడదు. బిగబట్టి ముక్కితే స్టోమా పక్కన పేగు ఉబికి హెర్నియా కావచ్చు. ఊపిరి వదులుతూ లేపుకోవాలి.

ఛాతీ మధ్యభాగానికి, అంటే ఆరో ఛాతీ వెన్నుపూసకు గాని అంతకు పైన గాని దెబ్బ తగిలినవారు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. గొట్టం మెలిక పడి మూత్రం ఆగినా, మలబద్ధకమో పుండో ఉన్నా వాళ్ల బీపీ ఒక్కసారిగా ప్రమాదకరంగా పెరగవచ్చు. తల పగిలేంత నొప్పి, ముఖం ఎర్రబడటం, పైభాగాన చెమటలు దాని గుర్తులు. పడుకోబెట్టకూడదు, నిటారుగా కూర్చోబెట్టాలి. బిగుతు బట్టలు వదులు చేసి, గొట్టం మెలిక విప్పి, తగ్గకపోతే వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఇంటిల్లిపాదికీ ఇది తెలిసి ఉండాలి.

అన్నిటికన్నా ఎక్కువ హాని చేసే అలవాటు నీళ్లు మానేయడం. బయట మరుగుదొడ్డి దొరకదని, సంచి నిండుతుందని పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా పోతారు, ముఖ్యంగా స్త్రీలు. నల్లగొండ ఎండ మేలో 45 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది. నీళ్లు తక్కువైతే మూత్రం చిక్కబడుతుంది, వాసన వేస్తుంది, ఇన్ఫెక్షన్ వస్తుంది, రాళ్లు ఏర్పడతాయి, జిగురు గడ్డకట్టి దారి మూసుకుంటుంది. మామూలు రోజుల్లోనే రెండు రెండున్నర లీటర్లు, ఎండల్లో ఇంకా ఎక్కువ తాగాలి. కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం ఎంత తాగాలో డాక్టరును అడగాలి. ఇంటింటికీ మంచినీళ్లు ఇస్తామని ప్రభుత్వం 2015 జూన్‌లో పైలాన్ నిలిపింది చౌటుప్పల్‌లోనే, తర్వాత దానికి మిషన్ భగీరథ అని పేరు పెట్టారు. ఫ్లోరైడ్ నీళ్ల బాధ తెలిసిన ఊళ్లకు మంచినీళ్లు ఎంత విలువైనవో చెప్పనక్కర్లేదు. అయితే మంచినీళ్లు ఇంటికి వచ్చాయని సరిపెట్టుకుంటే చాలదు. తాగిన నీళ్లను బయట వదిలే చోటు లేకపోతే కుర్చీ మనిషి ఆ నీళ్లు తాగడు.

ఇక అభ్యంతరాలు. మొదటిది డాక్టర్లే చెబుతారు, అది న్యాయమైనది కూడా. కేథటర్ పద్ధతితో సరిపోయేదానికి పెద్ద ఆపరేషన్ ఎందుకు? నిజమే, చేతులు ఆడి, మూత్రాశయం ఒత్తిడి అదుపులో ఉన్నవారికి యూరోస్టమీ అక్కర్లేదు. పేగు కోసి కలిపే ఆపరేషన్‌లో అతుకులు కారవచ్చు, నాళాలు కుట్టిన చోట ఇరుకు పడి కిడ్నీ వాయవచ్చు, రాళ్లు రావచ్చు, హెర్నియా రావచ్చు. ఏళ్ల తర్వాత కూడా ఏటా అల్ట్రాసౌండ్, క్రియాటినిన్, రక్తంలో ఆమ్లం, బి12 పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. మూత్రాశయం లోపలే వదిలేస్తే అందులో చీము పట్టవచ్చు. మూత్రమార్గం నుంచి చెడు వాసనతో స్రావం వచ్చి జ్వరం వస్తే ఆలస్యం చేయకూడదు. అందుచేత ఇది తొందరపడి చేయించుకునే ఆపరేషన్ కాదు. కాని పదేళ్లు పైపుతో చీరుకుపోయి, ఏడాదికి నాలుగుసార్లు చలిజ్వరంతో ఆసుపత్రి పాలవుతూ, పుండు మానక మంచానికే అంటుకున్న మనిషికి ‘ఇది ఆఖరి మెట్టు, ఇంకా చూద్దాం’ అని వాయిదా వేయడం కూడా ఒక నిర్ణయమే. దాని మూల్యం కిడ్నీలు కడతాయి. ఒక విషయంలో మాత్రం యూరోస్టమీ కేథటర్‌ను కచ్చితంగా మించిపోతుంది. కుర్చీ దిగనవసరం లేదు, బట్టలు విప్పనవసరం లేదు. కుర్చీని కమోడ్ పక్కకు తెచ్చి, కొళాయి తిప్పితే చాలు. బయట పని చేయదలచిన స్త్రీకి ఇది ఎంత స్వేచ్ఛో ఆలోచించండి.

రెండో అభ్యంతరం డబ్బు. ఆపరేషన్ ఒక్కసారితో అయిపోతుంది, సంచులు బతికినంతకాలం కొనాలి. నాలుగు రోజులకొకటి చొప్పున నెలకు ఏడెనిమిది పడతాయి. ఒక్కోటి 300 రూపాయలే అనుకున్నా నెలకు 2,400. తెలంగాణలో 2023 జులై నుంచి వికలాంగుల పింఛను 4,016. అందులో సగానికి పైగా సంచులకే పోతే తిండికి ఏం మిగులుతుంది? దాంతో ఒక సంచినే పది రోజులు టేపులు వేసి వాడతారు, చర్మం పుండవుతుంది, పుండు మీద సంచి అంటదు. ‘పేదలకు ఇది పనికిరాదు’ అన్న తీర్పు ఇక్కడే పుడుతుంది. నేను దీన్ని ఒప్పుకోను. జపాన్ 1984లోనే మూత్రాశయం, పేగు పని చేయకపోవడాన్ని వైకల్యంగా గుర్తించింది, అక్కడి స్థానిక ప్రభుత్వాలు సంచులకు సాయం చేస్తాయి. మన దగ్గర 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో స్టోమాకు వేరుగా పేరు లేదు. అయినా వెన్నుపాము దెబ్బతిన్న మనిషి కదలిక వైకల్యం కింద ఇప్పటికే ఆ చట్టం పరిధిలో ఉన్నాడు. ఆదాయ పరిమితికి లోబడి సహాయక పరికరాలు, మందులు ఉచితంగా ఇచ్చే ఏర్పాటు చేయాలని ఆ చట్టం 24వ సెక్షన్ ప్రభుత్వానికి చెబుతోంది. కొత్త చట్టం అడగడం లేదు. చక్రాల కుర్చీ ఇచ్చిన చేత్తోనే, దానిలో కూర్చోవడానికి వీలుచేసే సంచిని కూడా ఏరియా ఆసుపత్రి నుంచి నెలనెలా ఇవ్వమని అడుగుతున్నాం. ఒక్కసారి కిడ్నీలు పోతే డయాలసిస్‌కు ప్రభుత్వం పెట్టే ఖర్చు ముందు ఈ సంచుల ఖర్చు లెక్కలోకి రాదు.

మూడోది ఇంటివాళ్ల మాట. ‘కుర్చీలో ఉన్నావు, పొట్టకు సంచి ఉంది, ఇంటిపట్టున ఉంటే మేమే చూసుకుంటాం కదా’ అంటారు. ప్రేమతోనే అంటారు. కాని చూసుకోవడం అనే పేరుతో మనిషి చేతిలోని పనిని తీసేస్తే, రేపు చూసుకునేవాళ్లు లేనప్పుడు అతనికి సంచి మార్చుకోవడం కూడా రాదు. మొదటి రోజు నుంచీ అతని చేతనే మార్పించాలి. వేళ్లు ఆడనివారు కూడా ఎలా మార్చాలో ఎదుటివారికి చెప్పి చేయించుకోగలగాలి. పని మాటకొస్తే, చేనేత ఊరు పోచంపల్లి పక్కనే ఉంది, దండుమల్కాపూర్‌లో చిన్న పరిశ్రమల పార్కు ఉంది, చుట్టూ మందుల కంపెనీలు ఉన్నాయి. గుంట మగ్గం మీద కాళ్లాడనివారు నేయలేకపోవచ్చు. నూలుకు చిటికి కట్టడం, లెక్కలు రాయడం, ప్యాకింగ్, కంప్యూటర్ పని, దుకాణం కూర్చునే చేస్తారు. లెగ్ బ్యాగ్ ఉన్న ఉద్యోగి మిగతావాళ్లకన్నా ఎక్కువసార్లు సీటు వదిలి పోడు.

మైల అనే భయం కూడా ఉంది, బయటికి అనరు గాని చాలామంది గుట్ట మీది గుడికి పోవడం, పెళ్లిళ్లకు పోవడం మానేది దీనివల్లే. మూత్రం ప్రతి మనిషి ఒంట్లోనూ ఉంది. అది లోపలి సంచిలో ఉంటే శుద్ధి, మూత బిగించిన బయటి సంచిలో ఉంటే మైల ఎలా అవుతుంది? సరిగ్గా అంటించిన సంచి నుంచి వాసన రాదు, తడి రాదు. వాసన వస్తోందంటే సంచి కారుతోందని, లేదా ఇన్ఫెక్షన్ ఉందని అర్థం, దానికి వైద్యం ఉంది. ఇంటి పెద్దలు ఒక్కసారి ‘పద బిడ్డా, గుట్టకు పోదాం’ అని వెంటబెట్టుకుని పోతే ఊరివాళ్లు అడగడం మానేస్తారు.

ఇక మరుగుదొడ్లు. యూరోస్టమీ ఉన్న కుర్చీ మనిషికి కావలసింది పెద్దదేమీ కాదు. కుర్చీ దూరే 900 మిల్లీమీటర్ల తలుపు, లోపల కుర్చీ తిరగడానికి మీటరున్నర జాగా, గడప లేని నేల, కూర్చున్న చేతికి అందే నీళ్ల కొళాయి, సంచి సామాను పెట్టుకునే చిన్న అర, వాడిన సంచి వేయడానికి మూత ఉన్న డబ్బా. 2016 చట్టం అప్పటికే ఉన్న ప్రజా భవనాలను సుగమం చేయడానికి ఐదేళ్ల గడువు పెట్టింది. అది ఎప్పుడో దాటిపోయింది. 2024 నవంబర్ 8న రాజీవ్ రటూరి కేసులో సుప్రీంకోర్టు, సుగమ్యతను ప్రభుత్వ ఇష్టానికి వదిలిన నిబంధనను కొట్టేసి, తప్పనిసరి ప్రమాణాలు రాయమని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ తీర్పుకు ఆధారమైన నివేదికను తయారు చేసింది మన హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రం. ‘ఇంత తక్కువ మంది కోసం ఇంత ఖర్చా’ అనేవారికి చెప్పాలి, ఆ వెడల్పు తలుపు, ఆ పట్టుకునే కమ్మీ, ఆ గడప లేని నేల మోకాళ్ల నొప్పుల ముసలివాళ్లకు, గర్భిణులకు, పసిపిల్లల తల్లులకు అంతే అవసరం. 65వ నంబరు రహదారి మీద రోజూ వేల బస్సులు, కార్లు పోతాయి. ఆ దారి పొడుగునా ఉన్న బస్టాండుల్లో, పెట్రోలు బంకుల్లో, టోల్‌ప్లాజాల దగ్గర అలాంటి గది ఒక్కొక్కటి ఉంటే చౌటుప్పల్ కుర్చీ మనిషి హైదరాబాద్ పోయి పరీక్ష చేయించుకుని సాయంత్రానికి ఇంటికి రాగలడు, దారిలో నీళ్లు తాగుతూ.

మీ ఇంట్లోనో వాడలోనో చెట్టు మీంచో బండి మీంచో పడి నడుము పోయిన మనిషి ఉంటే, జ్వరం మాటిమాటికీ వస్తుంటే, ‘పైపు ఉందిలే’ అని ఊరుకోకండి. కిడ్నీల అల్ట్రాసౌండ్ చేయించి యూరాలజిస్టుకు చూపించండి. డాక్టరు యూరోస్టమీ చేయాలని అంటే ఆపరేషన్‌కు సంతకం పెట్టేముందు మూడు ప్రశ్నలు అడగండి. గుర్తు కుర్చీలో కూర్చోబెట్టి పెడతారా? సంచి మార్చడం ఇంటికి పంపేలోగా నేర్పుతారా? నెలనెలా సంచులు ఎక్కడ దొరుకుతాయి? ఈ మూడింటికీ జవాబు వచ్చేదాకా సంతకం పెట్టకండి.